మనుషులు మరీ మంచిగా ఉన్న రోజు

మెట్రోలో ఎవరైనా లేచి నాకు సీటిస్తే నా గుండె గుభేలుమంటుంది. మొన్న మూసారాంబాగ్ స్టేషన్‌లో ఎక్కాను. కాలేజీ పిల్ల ఒకతె చెవుల్లో తీగలు పెట్టుకుని తన లోకంలో తానుంది. నన్ను చూడగానే లేచి, "కూసోండి ఆంటీ" అన్నది. నేను కూర్చోలేదు. ఫోన్ తీసి మా బావకు కొట్టాను. ఎత్తలేదు. మా అక్క కూతురికి కొట్టాను.

"ఇంట్లనే ఉన్న చిన్నమ్మా, బియ్యం కడుగుతున్న" అన్నది.

"మీ నాయిన?"

"బాటసింగారంల, మార్కెట్ల ఉన్నడు. ఏమైంది?"

ఏమీ కాలేదని, ఊరికే చేశానని చెప్పి కూర్చునేసరికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది. ఆ పిల్ల నావైపు అదోలా చూసింది. చూడనీ.

ఇదివరకు నేనిట్లా లేను. పాతికేళ్లుగా సర్కారు బడిలో తెలుగు చెప్తున్నదాన్ని, ఎవరైనా లేచి నిలబడితే అది నా హక్కనుకునేదాన్ని. ఇప్పుడు కూరగాయలమ్మే ఆమె కొసరుగా రెండు రెమ్మలు కరివేపాకు ఎక్కువ వేసినా, "ఏమైంది, ఎందుకు వేస్తున్నవ్?" అని గద్దించి అడుగుతాను. నవ్వుతూ అడిగినట్టు అడుగుతాను గానీ లోపల నవ్వుండదు.

ఎందుకిట్లా అయ్యానో చెప్పడం కష్టమేమీ కాదు. మా అక్క చనిపోయినప్పుడు నేను పరాయి దేశంలో ఉన్నాను. నాతో ఉన్న ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. రెండు రోజుల పాటు వాళ్లు నా మీద చూపించినంత ప్రేమ నా జన్మలో ఎవరూ చూపించలేదు. ఆ రెండు రోజులూ నేను హాయిగా నవ్వాను, తిన్నాను, తిరిగాను. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మాది ఎల్బీనగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద అక్క, బావ, వాళ్ల కూతురు. పైన నేను. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే నా తరఫున అక్కే జవాబు చెప్పేది: "దాని నోరు జూసి ఎవడు ముందుకొస్తడు?" నల్గొండ అవతలి మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి నన్ను హైదరాబాదు తెచ్చింది ఆమే. నాకు ఉద్యోగం వచ్చిన రోజున వీధి వీధంతా మిఠాయి పంచిందీ ఆమే. బావ పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. బాటసింగారానికి మారాక చీకటితో పోయి పొద్దుగూకితే గానీ రాడు. నేను బడి నుంచి వచ్చాక ఇంట్లో మిగిలేది మా ఇద్దరి కొట్లాటే. ఆమె కింది నుంచి అరుస్తుంది, నేను పై నుంచి అరుస్తాను. మధ్యలో మెట్ల మీద కూర గిన్నెలు పైకీ కిందికీ పోతుంటాయి.

మా చర్చి స్త్రీల సమాజం ఐగుప్తు, యొర్దాను యాత్ర, అంటే ఈజిప్టు, జోర్డాన్ యాత్ర పెట్టుకున్నప్పుడు అక్కను కూడా రమ్మన్నాను. "నేనొస్తే నీళ్లెవరు పడతరే?" అన్నది. మా వీధికి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. సంపులోకి వదలాలి, మోటరు వెయ్యాలి, పైన ట్యాంకు నిండిందో లేదో చూడాలి. ఆ పనంతా తనొక్కతే చేయగలదని ఆమె గట్టి నమ్మకం. దేవుడు రెండుగా చీల్చిన సముద్రాన్ని చూడమంటే నల్లా నీళ్ల కోసం ఉండిపోయావే అని ఎక్కిరించాను. "ఆ సముద్రం మన ట్యాంకు నింపుతదా?" అన్నది.

నేను చెప్పబోయేది అర్థం కావాలంటే మా దిక్కు పద్ధతి ఒకటి తెలియాలి. దూరాన ఉన్నవాళ్లకు చావు కబురును సూటిగా చెప్పరు. "జర సీరియస్‌గ ఉన్నది, బయలెల్లి రా" అంటారు. బయలుదేరినవాడు దారి పొడుగునా దేవుడికి దండాలు పెట్టుకుంటూ వస్తాడు. వీధి మొదట్లో టెంటు కనబడ్డాక తెలుసుకుంటాడు. చెప్పనివాళ్లను ఎవరూ తప్పుపట్టరు. దారిలో పడిపోతే ఎవరు పడతారు, అన్నం నీళ్లు మానేస్తే ఎట్లా అని ఆలోచించి దాస్తారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. ఆ దాపరికం అంతా ఒక్క దాని కోసమే: మనిషి క్షేమంగా ఇల్లు చేరి, పోయినవాళ్ల మొహం చూసుకోవాలి. అందుకోసమే ఐస్ బాక్సు కిరాయికి తెస్తారు, భూస్థాపన ఆపుతారు, ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలను ఓపిక పట్టమంటారు. మొహం చూడకపోతే మనిషి పోయిందన్న నమ్మకం కుదరదు. నాకు ఇప్పటికీ కుదరలేదు.

తిరుగు ప్రయాణం రోజున మేం అమ్మాన్ విమానాశ్రయానికి వెళ్లేసరికి బోర్డు మీద వరసలన్నీ ఎర్రగా ఉన్నాయి. మధ్యలో దిగి విమానం మారాల్సిన ఊళ్లో ఇసుక తుఫాను లేచిందట. అటు పోయేవన్నీ ఆగిపోయాయి. సూటు వేసుకున్నవాళ్లు కౌంటర్ల మీద పడి అరుస్తున్నారు. మావాళ్లు మాత్రం ఒక స్తంభం పక్కన చున్నీలు పరిచి చుట్టూ కూర్చుని, సంచుల అడుగున మిగిలిన సకినాలు, కారం అటుకులు బయటికి తీశారు. మమ్మల్ని తీసుకెళ్లింది మా పాస్టరు గారి భార్య. అందరం అమ్మగారూ అంటాం. గుంటూరు వైపు మనిషి, ఎల్బీనగర్ వచ్చి ఎన్నేళ్లయినా యాస మారలేదు. "ఎవరూ సణగొద్దండీ. మోషే వెంట అరణ్యంలో సణిగినవాళ్లకి ఏమైందో తెలుసుగా, దారిలోనే రాలిపోయారు. దేవుడు మనకి ఇంకో రోజు అదనంగా ఇచ్చాడనుకుందాం" అన్నది. నాకా మాట భలే నచ్చింది. సెలవులు, బడి లేదు, ఇంకో రోజు ఊరు చూడొచ్చు. ఆ సాయంత్రం విమానం కంపెనీవాళ్లు మమ్మల్నందరినీ ఊళ్లో ఒక హోటల్‌కు తోలారు.

మర్నాడు పొద్దున ఇక్కడ మా అక్క వంటింట్లో పడిపోయింది. గుండెపోటు. బావ మార్కెట్ నుంచి వచ్చేలోపే పిల్ల, పక్కింటివాళ్లు కలిసి దవాఖానకు తీసుకెళ్లారు. అప్పటికే ఏమీ లేదన్నారు. బావ అమ్మగారికి ఫోన్ చేశాడు. అక్కడి సిమ్ ఆమె దగ్గరే ఉంది. మిగతావాళ్లం హోటల్ వైఫై మీద బతుకుతున్నాం. బావ అన్న మాటలు తర్వాత అమ్మగారే నాకు చెప్పింది: "మా మరదలికి చెప్పకుండ్రి అమ్మగారూ. గంత దూరం ఒక్కతె ఏడ్సుకుంట ఎట్లొస్తది? ఎట్లన్న జేసి జల్దీ తోలియ్యుండ్రి. మేం ఆపుతం."

నేను తలస్నానం చేసి బట్టలు ఆరేసుకుంటుంటే అమ్మగారు బయట వరండాలో అందరికీ చెప్పేసిందట. నేను కిందికి టిఫిన్‌కు దిగేసరికి బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడటం లేదు. ఒకామె లేచి నాకు కుర్చీ లాగింది. ఇంకొకామె తన పళ్లెంలోని గుడ్డు నా పళ్లెంలో పెట్టింది. అమ్మగారు స్వయంగా టీ కలిపి తెచ్చింది.

"ఏంది, ఇయ్యాల నాకేమన్న పెండ్లి చేస్తున్నరా?" అన్నాను.

ఇద్దరు నవ్వారు. ఒకామె చెయ్యి కడుక్కొస్తానని పోయి ఎంతసేపటికీ రాలేదు. కడుపు బాగాలేదేమో అనుకున్నాను.

కాసేపటికి విమానం కంపెనీ మనిషి హోటల్‌కు వచ్చాడు. బొంబాయి మీదుగా పోయే వేరే విమానంలో ఒక్క సీటు దొరికిందట. మధ్యాహ్నమే బయలుదేరాలి. అమ్మగారు తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"టీచర్ గారూ, మీరు వెళ్లిపోండి."

"నేనా? నాకేం తొందరమ్మగారూ? బడికి సెలవులు. మా అక్క నీళ్లు పట్టుకుంట మంచిగనే ఉన్నది. నాకోసం ఆడ ఎవరు ఏడుస్తున్నరు?"

ఆ మాట అన్నప్పుడు అందరి మొహాలూ నాకు గుర్తున్నాయి. ఎవరూ నావైపు చూడలేదు.

మా గుంపులో చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆమె ఒకతె ఉంది. మాకు ఊరి వరసే, నల్గొండ మనిషి. ఆమె వంటమనిషి చెప్పాపెట్టకుండా పోయిందని, కోచింగ్ పిల్లలు మూడు పూటలా బయటి ఇడ్లీలు తింటున్నారని ముందు రోజంతా పరేషాన్ అయింది. ఆమెను పంపమన్నాను. ఆమె రెండు చేతులూ జోడించింది.

"నేను పోను టీచరమ్మా. నువ్వు పో. నీకు దండం పెడత."

"దండం దేనికి? పిల్లలు ఆకలితోటి ఉన్నరు, పో."

"లేదండీ, మీరే వెళ్లాలి" అన్నది అమ్మగారు మళ్లీ.

నాకు తిక్క రేగింది. "ఏంది, అందరు కలిసి నన్ను ఎల్లగొడుతున్నరా? నేనున్నది మీకు గంత బరువైందా?" అని అందరి ముందూ అరిచాను. అమ్మగారు నోరు తెరిచింది. తెరిచిన నోరు మళ్లీ మూసుకుంది. ఆ ఒక్క క్షణంలో ఒక్క మాట అని ఉంటే, తిట్టి అయినా చెప్పి ఉంటే, నేను చెప్పుల్లేకుండా పరుగెత్తి ఆ సీట్లో కూర్చునేదాన్ని. చెప్తే ఒంటరిగా రెండు విమానాలు మారి పోలేనని వాళ్ల భయం. చెప్పకపోతే నేను కదలను. ఈ రెండింటి మధ్య ఆ సీటు పోయింది.

హాస్టలామెను బలవంతాన బయలుదేరదీసింది నేనే. ఆమె పెట్టె కారు దాకా మోసిందీ నేనే. కారెక్కుతూ ఆమె నన్ను పట్టుకుని బావురుమంది. ఇంత చిన్న సాయానికి ఇంత ఏడుపా అని ముచ్చటపడ్డాను. ఆమె ఇక్కడ దిగి హాస్టల్‌కు పోలేదు. పెట్టెతో సహా మా ఇంటికే పోయింది. నేను చూడాల్సిన మొహాన్ని నా సీట్లో పోయిన మనిషి చూసింది.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని ఊళ్లోకి తీసుకెళ్లారు. నా ఫోన్‌లో నెట్ రాకపోతే అమ్మగారు ఏదో సెట్టింగ్ మార్చాలని తీసుకుని, రాత్రికి గానీ ఇవ్వలేదు. ఇచ్చాక కూడా నెట్ రాలేదు. పాత బజారులో మెట్లెక్కి దిగాం. అక్కడి బెండకాయలు మన చిటికెన వేలంత. వంకాయలు మాత్రం కొత్తపేట రైతుబజారు వంకాయలే. ఒక కొట్లో జున్నులాంటి దానిపైన సేమ్యా పరిచి, నేతితో కాల్చి, పాకం పోసి వేడివేడిగా కోసి ఇస్తున్నారు. నాది అయిపోకముందే ఇద్దరు వాళ్ల వాటా నా కాగితంలో వేశారు. నాకు తీపి ఇష్టమని వాళ్లకు ఎప్పటి నుంచి తెలుసో అనుకున్నాను. ఎండ కొడుతుంటే ఒకామె తన కళ్లద్దాలు తీసి నాకు పెట్టింది. నా సంచి నన్ను మోయనివ్వలేదు. రోజూ నాతో మాటకు మాట అనే ఆమె కూడా ఆ రోజు నేనేమన్నా ఊఁ కొట్టింది.

శాలువాల కొట్లో అక్కకు ఒకటి తీసుకుందామని ఆగాను. చలికాలం పొద్దున్నే నీళ్లు పట్టేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకుంటుంది, ఇది కప్పుకుంటుంది కదా అని. నాలుగు రంగులు తీసి బల్ల మీద పరిచాను. "ఏది బాగుంటది మా అక్కకు? మీరు చెప్పుండ్రి" అన్నాను. ఎవరూ చెప్పలేదు. "చెప్పుండ్రి, ఆమె నల్లగుంటది, ఈ పసుపు కొట్టొచ్చినట్టుంటదా?" అని అమ్మగారిని పట్టుకుని అడిగాను. ఆమె ఆ శాలువాను చేత్తో నిమిరింది, నిమురుతూనే ఉంది. "బాగుంటుందండీ. మీ అక్కగారికి ఏదైనా బాగుంటుంది" అన్నది. ఒకామె కొట్లోంచి బయటికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. నేను పసుపుదే తీసుకున్నాను. ఆ కొట్టువాడితో చేతులు తిప్పుతూ బేరమాడి గెలిచానని దారంతా మురిసిపోయాను.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తానన్నాను. వద్దంటే అనుమానం వస్తుందని అమ్మగారు తన ఫోన్ ఇచ్చి నా పక్కనే కూర్చుంది. బావ ఎత్తాడు.

"అక్కను పిలువు బావా."

"నీళ్లు పడుతున్నది."

"ఇయ్యాల నీళ్ల రోజు కాదు గద?"

"నిన్న రాలె. ఇయ్యాల ఇడిసిండ్రు" అన్నాడు.

వెనక చాలామంది గొంతులు, పాట వినబడుతున్నాయి. అదేంటన్నాను. పక్కింట్లో ప్రార్థన కూడిక అన్నాడు. గొంతు బొంగురుగా ఉందేమన్నాను. మార్కెట్‌లో మామిడికాయ లారీలు దిగుతున్నాయి, పొద్దంతా దుమ్ము అన్నాడు. పాపం ఈ వయసులో ఎంత కష్టమని జాలిపడి పెట్టేశాను. మా అక్క పక్కగదిలో ఐస్ బాక్సులో ఉంది. ఆయన ఆమె పక్కన నిలబడి నాకు నీళ్ల సంగతి చెప్తున్నాడు.

మర్నాడూ విమానాలు లేవలేదు. ఇంటి దగ్గర నాకోసం ఆపుతూనే ఉన్నారు. నల్గొండ నుంచి వచ్చిన చుట్టాలు టెంటు కిందే తిని టెంటు కిందే పడుకున్నారు. సంఘ పెద్దలు రెండుసార్లు వచ్చి అడిగారట. "విమానమే లేకపాయె, ఆమె ఎప్పుడొస్తదో ఎవరికెరుక?" అని. కరెంటు పోతూ వస్తూ ఉంది. మొహం మారుతున్నదని ఎవరో ఆడమనిషి మెల్లగా అన్నది. ఇంకా ఆపితే వచ్చినా చూసేలా ఉండదని. మధ్యాహ్నం దాటాక తీసుకెళ్లారు.

ఆ రాత్రి తుఫాను తగ్గి విమానాలు లేచాయి. మేం మరుసటి రోజు మధ్యాహ్నం ఇక్కడ దిగాం. విమానాశ్రయానికి నా కోసం ఎవరూ రాలేదు. అలిగాను కూడా. అందరం ఒకే వ్యానులో ఎక్కాం. సాగర్ రింగ్ రోడ్డు దాటాక అమ్మగారు ప్రార్థన చేసుకుందామన్నది. క్షేమంగా వచ్చాం కదా, స్తోత్రం చెప్తుందనుకుని తల మీద కొంగు వేసుకుని కళ్లు మూసుకున్నాను. ప్రయాణాన్ని కాపాడినందుకు వందనాలు చెప్పింది. డ్రైవర్‌ను దీవించమన్నది. తర్వాత, "ప్రభువా, తోబుట్టువును కోల్పోయిన నీ కుమార్తెను నీ కౌగిలిలో పెట్టుకో తండ్రీ, ఆఖరి చూపు దక్కని ఆ బిడ్డని ఓదార్చు" అన్నది. ఈ వ్యానులో ఎవరి తోబుట్టువు పోయింది, పాపం, నాకు చెప్పనే లేదు అని కళ్లు తెరిచాను. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

నా మొహం చూసి చెప్పలేక ఆమె దేవుడికి చెప్పింది. నేను పక్కనుంచి విన్నాను.

ఇంటి ముందు టెంటు అప్పటికే విప్పేశారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆటో కోసం ఉంచారు. ముందుగదిలో ఐస్ బాక్సు పెట్టిన చోట బండలు ఇంకా తడిగా ఉన్నాయి. నేను ఆ తడి మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, బూతులు వచ్చాయి. అమ్మగారిని నా గడప దిగమన్నాను. బావను ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. పాతికేళ్లు పిల్లలకు శుభ్రమైన తెలుగు చెప్పిన నోరు అది.

సాయంత్రం సమాధుల తోటకు తీసుకెళ్లారు. పచ్చి మట్టి దిబ్బ, దాని మీద వాడిపోయిన బంతిపూలు. తవ్వమన్నాను. "ఒక్కసారి తవ్వుండ్రి, మొహం జూసి మళ్ల నేనే మూస్త" అన్నాను. వెర్రిగా అనలేదు, బతిమాలుతూ అన్నాను. ఎవరూ కదలకపోతే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టాను. బావ వచ్చి నా చేతులు పట్టుకోలేదు. నా పక్కనే కూలబడి, నేను తీసిన మట్టిని మళ్లీ దిబ్బ మీదికి వేస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు అట్లా చేశామో తెలియదు. చివరికి నా చేతులే ఆగిపోయాయి.

అక్క పేరున ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక ఎవరో ఆ యాత్ర ఫోటోలన్నీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అలవాటుగా పెట్టి ఉంటారు. వెంటనే తీసేశారు గానీ అప్పటికే నా ఫోన్‌లోకి దిగాయి. ప్రతి ఫోటోలో మధ్యలో నేనుంటాను, పళ్లన్నీ కనబడేలా. నా చుట్టూ అందరూ నా భుజం మీద చెయ్యి వేసో, నా చెయ్యి పట్టుకునో ఉంటారు. ఒక్కరూ కెమెరా వైపు సరిగా చూడరు. ఆ మొహాలు ఇప్పుడు నన్ను వదలడం లేదు. బడిలో పాఠం చెప్తుంటే వెనక బెంచీ పిల్ల నన్నే చూస్తుంటే, ఆ చూపులో అదేదో ఉందనిపిస్తుంది. స్టాఫ్ రూములో నేను వెళ్లగానే మాటలు ఆగితే చాలు, ఇంటికి ఫోన్ చేస్తాను. ఇంట్లో ఎవరైనా స్నానానికి పోయారంటే తలుపు కొట్టి గొంతు వినేదాకా ఊరుకోను. నవ్వు వస్తే కూడా భయమే. నేను నవ్వుతున్నానంటే నాకు తెలియనిది ఇంకెక్కడో జరుగుతున్నదని.

అమ్మగారు నేను తిట్టిన తర్వాత కూడా వారానికోసారి వచ్చేది. నేను తలుపు తీయకపోతే మెట్ల మీద కాసేపు కూర్చుని పోయేది. ఒకరోజు తీశాను. "చెప్పబోయానండీ ఆ రోజు. మీరు అంత నవ్వుతూ ఉంటే ఎలా చెప్పను?" అన్నది. ఆమె అబద్ధం ఆడటం లేదని తెలుసు. క్షమించానని అన్నాను. చర్చిలో మాత్రం ఆమె పక్కన కూర్చోను.

ఇదంతా నేను అలవాటు చేసుకుంటున్న బాధే. రోజూ దీంతోనే లేచి దీంతోనే పడుకుంటున్నాను, ఇంతకన్నా తెలుసుకోవలసింది ఏముంటుందిలే అనుకున్నాను. కిందటి ఆదివారం సాయంత్రం మా అక్క కూతురు, నేను వంటింట్లో చిక్కుడుకాయలు తుంపుతున్నాం. పిల్ల చేతులు ఆగిపోయాయి.

"చిన్నమ్మా, నీకు ఒకటి చెప్పాలె. నాయిన చెప్పొద్దన్నడు."

"చెప్పు."

"ఆ రోజు అమ్మను తీస్కపోయే ముందు నిన్ను అమ్మకు సూపిచ్చినం."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెట్టె మూసే వేళకు బావ ఉండబట్టలేక అమ్మగారికి వీడియో కాల్ చేశాడట. చెల్లె ఎట్లాగూ అక్క మొహం చూడలేకపోయింది, కనీసం చెల్లె మొహమన్నా అక్కకు చూపిద్దాం, మా మరదలికి తెలియకుండా ఫోన్ ఆమె వైపు తిప్పండి అని అడిగాడట.

నాకు ఆ క్షణం గుర్తొచ్చింది. అమ్మాన్‌లో రాళ్ల మెట్ల పాత నాటకశాల ఒకటుంది, ఆ రెండో రోజు అక్కడికి పోయాం. నేను పై మెట్టు మీద నిలబడి ఉన్నాను. అమ్మగారు కింది నుంచి ఫోన్ ఎత్తి పట్టుకుని, "టీచర్ గారూ, మీ అక్కగారికి ఒక మాట చెప్పండి, వీడియో తీస్తున్నా" అన్నది. ఇంటికెళ్లాక చూపిస్తుందనుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊరంతా వినబడేలా అరిచాను: "అక్కా! నువ్వు లేకుంటే పానం ఎంత నిమ్మలంగ ఉన్నదో ఎరుకనా? ఇంగో నాలుగు రోజులు నేను రాను. నాకోసం ఎదురుచూడకు!" మా ఇద్దరి మధ్య రోజూ నడిచే మాటలే అవి. అందరూ నవ్వుతారని చూశాను. అమ్మగారు ఫోన్ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఎండ దెబ్బేమో అనుకుని నీళ్లు తెచ్చిచ్చాను.

"ఫోన్ అమ్మ మొహం దగ్గర పెట్టిండు నాయిన" అన్నది పిల్ల. "సౌండ్ పెద్దగ పెట్టినం. టెంట్ల అందరికి ఇనబడ్డది."

"మీ నాయినేమన్నడు?"

పిల్ల ఇంకో చిక్కుడుకాయ తుంపి గిన్నెలో వేసింది.

"అప్పటిదాంక మూయొద్దు, మూయొద్దు అని పెట్టె పట్టుకునే ఉన్నడు చిన్నమ్మా, ఎంతమంది చెప్పినా ఇనలె. నీ మాట ఇన్నంక చెయ్యి తీసిండు. 'ఎదురుచూడకు అంటున్నది గద, ఇగ మూయుండ్రి' అన్నడు."

నేను పైకి వచ్చి తలుపు వేసుకున్నాను. అక్క మొహం నాకు చూపించలేదని ఇన్నాళ్లూ అందరి మీదా మండిపడ్డాను. నాకోసం ఆ పెట్టెను తెరిచి పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంది. ఆ చేతిని నేనే తీయించాను. మా అక్క నేను రానని విని పోయింది.